గోడకు తగిలించిన మూతలు

గ్రైండర్ కొనడానికి వెళ్ళి, దుకాణంలో మా ఇంటి సబ్బుగూడును చూసి నిలబడిపోయిన మనిషిని ఈ అమీర్‌పేట మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. అది జరిగి కొన్ని వారాలైంది. ఇప్పటికీ స్నానానికి వెళ్ళి సబ్బు మీద చేయి వేసినప్పుడు ఒక్క క్షణం ఆగిపోతున్నాను.

నన్ను అక్కడికి తీసుకుపోయింది బ్లెస్సీ. మా అమ్మ తమ్ముడు ప్రకాశం మామకు కూతురి కూతురు. నన్ను అత్తమ్మా అంటుంది. పంజాగుట్టలో తాతతోనే ఉంటుంది, అక్కడే ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆదివారం తప్ప సెలవు లేదు. ఆ సెలవునాడు ఇంటి కింద స్కూటర్లు పెట్టుకునే జాగాలో ఇనుప చువ్వలతో పూలకుండీల స్టాండ్లు, చిన్న స్టూళ్ళు చేసుకోవాలని దాని కోరిక. అతకడం ఎక్కడో నేర్చుకుంది, చిన్న వెల్డింగ్ మిషన్ కొనుక్కుంది. ఇక మిగిలింది గ్రైండర్. ఇనుము కోయాలన్నా, అతికిన చోట గరుకు తీయాలన్నా అది లేకుండా పని సాగదు. చిక్కంతా మామతోనే. “ఏ రోజన్న చేస్కో తల్లీ. ఆదివారం మాత్రం మన ఇంట్ల మిషన్ చప్పుడు వినబడొద్దు” అన్నాడు. ఆదివారం కాదంటే దాని కోరిక పూర్తిగా కాదన్నట్టే. మిషన్ ఎన్నుకోవడానికి పుస్తకాలు చదివే మనిషి కావాలి, తాతను ఒప్పించడానికి తాత మాట్లాడనిచ్చే మనిషి కావాలి. రెండింటికీ నేనే దొరికాను.

నా చదువు గురించి ఒక మాట చెప్పుకోకపోతే నాకు తోచదు. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా లైబ్రరీ బల్లల దగ్గర సంపాదించుకున్నదే. తెలుగు అలమరాలు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు అలమరాల్లోకి దిగాను. సముద్రం చూడకముందే ఆటుపోట్లు ఎందుకు వస్తాయో చెప్పగలిగేదాన్ని. గ్రైండర్ అనగానే లైబ్రరీకి వెళ్ళి, పాలిటెక్నిక్ పిల్లలు చదివే వర్క్‌షాపు పుస్తకం తీసుకుని ఓపికగా చదివాను. ఇంటి పనికి నాలుగంగుళాల చక్రం చాలని, ఏడంగుళాలది పెద్ద గేట్ల పనికని, చక్రం ఓర్చుకునే వేగం మిషన్ వేగానికి తక్కువ కాకూడదని, చేయి వదలగానే ఆగిపోయే స్విచ్ మేలని తెలుసుకున్నాను. చక్రానికి సగం మేర కప్పు ఉండాలని, దాన్ని గార్డు అంటారని, చక్రం పగిలితే ముక్కలు మనిషి వైపు రాకుండా అది ఆపుతుందని కూడా అందులో ఉంది. బొమ్మ కూడా ఉంది. గీతలతో వేసిన బొమ్మ, పక్కన ఒక బాణం గుర్తు. చూశాను, అర్థమైందనుకున్నాను, పేజీ తిప్పాను.

శనివారం సాయంత్రం బ్లెస్సీ డ్యూటీ దిగాక అమీర్‌పేట మెట్రో స్తంభాల వెనక సందులోని హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళాం. నెత్తి మీద కోచింగుల బోర్డులు, కింద బజ్జీల బండ్లు, మధ్యలో మేము. దుకాణదారు ముందుగా అడిగింది టైల్స్ పనా, ఇనుము పనా అని.

“ఇనుము. ఇంట్ల చేసుకునేదే” అంది బ్లెస్సీ.

“ఇంట్లకంటే గిది తీస్కోండి. మస్తు నడుస్తది” అని ఒక పచ్చ రంగు మిషన్ మా ముందు పెట్టాడు.

నేను స్విచ్ జరిపి చూశాను. జరిపిన చోటే ఉండిపోయింది. “ఇది జరిపితే అట్లనే తిరుగుతనే ఉంటది గదా. చేయి జారితే ఎట్ల?”

“జారొద్దమ్మా” అన్నాడు.

బ్లెస్సీ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. నొక్కి పట్టుకుంటేనే తిరిగేది ఉందా అని అడిగాను. ఉందట, కానీ ఎవరూ తీసుకోరట. “రొండు నిమిషాలకే వేలు నొస్తదంటరు.”

“మాకు నొచ్చేదే ఇయ్యండి” అన్నాను.

అట్టపెట్టెలు ఒక్కొక్కటీ దిగాయి. ఒకటి లావుగా ఉండి బ్లెస్సీ పిడికిట్లో పట్టలేదు. ఇంకొకటి ముందు వైపు బరువై మణికట్టును కిందికి లాగింది. సన్నటి నడుము, కింద పొడుగాటి నొక్కుడు స్విచ్ ఉన్న నల్లటిది బ్లెస్సీ చేతిలోకి తీసుకోగానే దాని మొహం చూసి ఇదేనని నాకు తెలిసిపోయింది. పక్కపిడి కుడికీ ఎడమకూ మారుతుందో లేదో చూశాను, చక్రం మీది అక్షరాలు కళ్ళజోడు పెట్టుకుని చదివాను, కళ్ళకు పెట్టుకునే అద్దాలు కూడా ఇమ్మన్నాను. దుకాణదారు విసుక్కోలేదు, “మీరేమన్న కాలేజీల చెప్తరా మేడం?” అన్నాడు. లోపల ఎంత పొంగిపోయానో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

అప్పుడు ఆయన ఒక స్క్రూడ్రైవర్ తీశాడు. “గార్డు తీసియ్యాల్నా? అందరు తీసే వాడతరు. అడ్డం వస్తదంటరు.” వద్దని నేను అనేలోపే మర వదులు చేసి, దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

అరచేతికి చల్లగా తగిలింది. సగం చందమామ ఆకారంలో రేకు. వంపు పొడుగునా అంచు లేచి ఉంది. మధ్యలో మిషన్ మెడకు తొడిగే గుండ్రటి రంధ్రం. నా చేతులు నన్నడగకుండానే దాన్ని తిప్పాయి, వంపు కిందికి, రంధ్రం పైకి. రెండడుగులు వేసి దుకాణం గోడకు ఆనించి పట్టుకున్నాను.

“ఇందుల సబ్బు పెడ్తరు” అన్నాను.

దుకాణదారు బ్లెస్సీ వైపు చూశాడు. “అత్తమ్మా, ఏమైంది? జర కూసో” అంటూ బ్లెస్సీ నా మోచేయి పట్టుకుంది. కూర్చున్నాను. చేతిలోది మాత్రం వదల్లేదు. రంధ్రంలో మేకు కొట్టి గోడకు తగిలిస్తే, లేచిన అంచు ముందుకు వచ్చి సబ్బు జారకుండా ఎంత చక్కగా పట్టుకుంటుందో ఈ లోకంలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నా చిన్నతనమంతా సబ్బు తీసుకున్నది దీనిలోంచే.

మా నాన్న గేట్లు, కిటికీలకు ఇనుప చట్రాలు చేసేవాడు. ఈ అమీర్‌పేటలోనే, ఇప్పుడు ఆడపిల్లల హాస్టల్ ఉన్న చోట అప్పుడు మేము అద్దెకున్న పెంకుటిల్లు ఉండేది, దాని వెనక పెద్ద పెరడు, పెరడు చివర రేకుల షెడ్డు. గ్రైండర్ మిషన్ తిరుగుతున్నప్పుడు ఆడవాళ్ళు షెడ్డులోకి రాకూడదు. జడలు, ఓణీలు చక్రానికి చుట్టుకుంటాయని నాన్న భయం. అందుకే ఆ మిషన్ నాకు ఎక్కువగా శబ్దంగానే తెలుసు, దాని తర్వాత వాసనగా. కాలిన ఇనుము వాసన, ఎర్ర రంగు పూత వాసన, గోనెసంచుల్లో నానిన కిరసనాయిలు వాసన. మధ్యాహ్నం అన్నానికి వచ్చేముందు నాన్న చేతులను మొదట కిరసనాయిలుతో, తర్వాత సబ్బుతో, ఆ తర్వాత ఉత్త నీళ్ళతో చాలాసేపు కడిగేవాడు. ఇనుము వాసన అన్నంలోకి రాకూడదనేవాడు. అయినా వచ్చేది. కంచంలో మొదటి ముద్ద పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేటప్పుడు ఆయన వేళ్ళ దగ్గర ఆ వాసన ఉండేది. నాకు ప్రార్థన వాసన అంటే ఇప్పటికీ అదే.

శనివారం సాయంత్రానికి షెడ్డు మూతపడేది. సుత్తులు, ఆకురాళ్ళు నూనెగుడ్డతో తుడిచి వరుసగా పెట్టేవాళ్ళు. మిషన్ మీద గోనె కప్పేవాళ్ళు. అమ్మ పెరడంతా ఊడ్చి నీళ్ళు చల్లేది, మర్నాటికి తెల్లబట్టలకు గంజి పెట్టేది. ఆదివారం చర్చి, మాంసం కూర, మధ్యాహ్నం నిద్ర. మా ఇంట్లో ఆ రోజున మేకు కూడా కొట్టేవాళ్ళు కాదు. పక్కింటాయన తలుపు బందు ఊడిందని వాకిట్లోకి వస్తే, “రేపు పొద్దుగాల మొదటి పని నీదే భాయ్” అని పంపేవాడు నాన్న.

కొత్త మిషన్ వచ్చిన రోజున మాత్రం మా ఇంట్లో పండుగలాగే ఉండేది. పాస్టరు అయ్యగారు వచ్చి పెట్టె మీద చేయి పెట్టి ప్రార్థన చేసేవారు. తర్వాత నాన్న మిషన్ బయటికి తీసి, మొట్టమొదట దానికున్న మూత ఊడదీసి అమ్మ చేతికిచ్చేవాడు. మా చర్చిలో ప్రథమఫలం అని ఉంది, పంటలో మొదటి భాగం దేవునికని వేరుచేయడం. మాకు పొలం లేదు. అందుకని కొత్త మిషన్‌తో చేసిన మొదటి గేటు కూలి చర్చికి పోయేది. మిషన్ నుంచి మొదట ఊడిన వస్తువు ఇంటికి. “లారీల కుదుపులకు వీల్ పగలకుండ పెట్టిన మూత ఇది. ఇల్లు చేరినంక దీనితోటేం పని?” అనేవాడు. ఆయనకు పని నేర్పినవాడి మిషన్‌కు మూత లేదు, ఆ వరుసలోని ఏ షెడ్డులోనూ లేదు. మా అమ్మ వాటిని వృథా పోనిచ్చే మనిషి కాదు. స్నానం చేసే బండ దగ్గర గోడకు ఒకటి, సబ్బుకు. పొయ్యి పక్కన ఒకటి, అగ్గిపెట్టెకు. అద్దం కింద ఒకటి, దువ్వెనకూ కొబ్బరినూనె సీసాకూ. చూసినవాళ్ళు ఎక్కడ కొన్నావని అడిగితే, “గివి కొంటే దొరకవు” అని అమ్మ మురిసిపోయేది.

ప్రకాశం మామ మా ఇంట్లోనే ఉండి నాన్న దగ్గర పని నేర్చుకున్నాడు. పొడుగ్గా ఉండేవాడు. చర్చిలో పాట ఎత్తుకునేది అతనే. అతను మొదలుపెడితే ముసలివాళ్ళు కూడా పుస్తకం మూసి పాడేవాళ్ళు. ఒకసారి శ్రీనగర్ కాలనీలో ఎవరిదో గృహప్రవేశం, గేటు ఇంకా కాలేదు. ఆ ఇంటాయన శనివారం వచ్చి నాన్నను నలుగురిలో మాటలన్నాడు. నాన్న మాత్రం, “ఆదివారం ఆదివారమే సారూ, సోమవారం పొద్దుగాల మొదలువెడ్తం” అని ఊరుకున్నాడు. ఆ మాటలు మామ మనసులో పడ్డాయి. తెల్లారి తలనొప్పిగా ఉందని చర్చికి రాకుండా ఇంట్లో ఉండిపోయాడు.

మేము తిరిగి వచ్చేసరికి షెడ్డు తలుపు తెరిచి ఉంది. శబ్దమేమీ లేదు. మామ స్నానాల బండ మీద కూర్చుని చెంబుతో మొహం మీద నీళ్ళు పోసుకుంటున్నాడు. “కంట్ల ఏదో పడ్డది అక్కా” అన్నాడు అమ్మతో, నలక పడినంత మామూలుగా. బండ మీది నుంచి కాలువలోకి పోతున్న నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. చువ్వ కోస్తుండగా చక్రం అందులో బిగుసుకుని ముక్కలైంది. ఒక ముక్క ఎడమ కన్ను మీదుగా పోయింది. అతని తలకు సరిగ్గా పైన, గోడకు మూత ఉంది. అందులో గులాబి రంగు సబ్బు ఉంది. ఆ దృశ్యం నాకు ఎప్పుడూ గుర్తే. ఎందుకు గుర్తుండిపోయిందో తెలియడానికి మాత్రం దుకాణానికి వెళ్ళిన ఆ శనివారం సాయంత్రం దాకా పట్టింది.

కన్ను పోయింది. నాన్న అతన్ని తిట్టలేదు. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజున మంచం పక్కన కూర్చుని, “ఆదివారం ముట్టొద్దంటి గదరా” అని ఒక్క మాట అన్నాడు, ఏడ్చాడు. మిగతావాళ్ళు చాలా మాటలన్నారు. విశ్రాంతి దినాన్ని మీరినవాడని పిల్లలకు వేలు పెట్టి చూపించారు. అందరికంటే ఎక్కువగా దాన్ని నమ్మింది మామే. చర్చి మానలేదు, పాట మానేశాడు. వెనక వరుసలో కూర్చునేవాడు. మళ్ళీ మిషన్ జోలికి పోకుండా ఒక బడిలో గంట కొట్టే పనిలో చేరి అందులోనే రిటైరయ్యాడు. తర్వాత ఇంకో మిషన్ వచ్చినప్పుడు నాన్న దాని మూత కూడా తీసి అమ్మకే ఇచ్చాడు. నాన్న చివరిదాకా రెండు కళ్ళతోనే ఉన్నాడు. అదీ ఆదివారం పాటించినందుకే అన్నారు.

దుకాణంలో కూర్చున్న నా మీద ఇదంతా ఒక్కసారిగా పడింది. మూత తిరిగి బిగించమని చెప్పాను. ఆయన బిగిస్తూ, “ఎప్పటిసందో వస్తనే ఉన్నదమ్మా ఇది. గాని ఎవరు ఉంచుకోరు” అన్నాడు. పెట్టెలో కాగితం ఉంది, ఎన్నో భాషల్లో, బొమ్మలతో సహా, దీన్ని తీయకండి అని. మా నాన్న కాలంలో కాగితం ఉన్నా చదివేవాడు లేడు, చదివిన నన్ను షెడ్డులోకి రానిచ్చేవాళ్ళు కాదు. అప్పుడు తెలియక తీశారు, ఇప్పుడు తెలిసి తీస్తున్నారు. ఏది ఎక్కువ భయంకరమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. పంజాగుట్ట దాకా ఆటోలో బ్లెస్సీకి అంతా చెప్పాను. అది “తాతకు చెప్తవా?” అంది. చెబితే తప్పు మా నాన్న మీద పడుతుంది. చెప్పకపోతే మామ మీద ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. నాన్న పోయాడు, మామ ఉన్నాడు. ఆటో దిగేసరికి అంతవరకే తేలింది.

మామ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. మిషన్ పెట్టెలోంచి తీసి అతని ఒడిలో పెట్టాను.

“మామా, మన పాత ఇంట్ల సబ్బు పెట్టే మూత యాదికున్నదా?”

“యాదికుండదా? మీ అమ్మ రోజు తోముతుండె దాన్ని.”

“ఇది చూడు.”

కుడి కన్ను దగ్గరికి తెచ్చుకుని చూశాడు. అంచు వెంట వేలు జరిపాడు. నాకు దుకాణంలో పట్టినంత సేపు కూడా అతనికి పట్టలేదు.

“మిషన్‌కు ఉండవల్సిందేనా?”

“ఉండవల్సిందే. వీల్ పగిలితే ముక్కలు మనిషి దిక్కు రాకుండ ఆపుతదట. పుస్తకంల ఉన్నది.”

టీ మీద మీగడ కట్టింది. మామ చూడలేదు.

“మీ నాన్నకు ఎరుకనా?”

“ఎరుక లేదు మామా. లారీ కోసం పెట్టిన మూత అనుకున్నడు.”

“ఎరుకైతే తీస్తుండెనా?”

“తీయకపోతుండె.”

తల ఊపాడు. “అయితే సోమవారం చేసినా నా కన్ను పోతుండె” అన్నాడు.

“పోతుండె.”

అతని గుండె తేలికవుతుందని ఎదురు చూశాను. పుస్తకంలో చదివి తెచ్చి ఇంత మంచి మాట చెప్పాను కదా అని కూడా, దాచడమెందుకు, లోపల ఎక్కడో ఉంది. మామ మొహంలోకి వచ్చింది అది కాదు. “కరుణా, నువ్వు నాకు మేలు చేసిన అనుకుంటున్నవు. దేవుడు కొట్టిండనుకుంటే, నన్ను చూస్తున్నోడు ఒకడున్నడని ఉండె. క్షమించమని రోజు అడిగెటందుకు ఒకడుండె. ఇగ నేనెవర్ని అడగాలె? గీ రేకునా?”

బ్లెస్సీ తాత కాళ్ళ దగ్గర కూర్చుని, “అడుగుడెందుకు తాతా? నువ్వు చేసిన తప్పేమున్నది? మీ బావను నలుగురిల అన్నరని పనికి కూసున్నవు. గంతే గదా” అంది. మామ దాని తల మీద చేయి పెట్టాడు. ఆదివారం సంగతి అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. నేను ఇంటికి వచ్చేశాను, తప్పు చేశాననే అనుకుంటూ.

మర్నాడు ఆరాధన అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. మామ తెల్లబట్టల్లోనే, ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. స్కూటర్ల జాగాలో గోడకు దూరంగా వేసుకుని కూర్చున్నాడు. బ్లెస్సీ పైనుంచి తొంగి చూసింది.

“తెచ్చుకో నీ మిషన్” అన్నాడు. “చర్చి కాకముందు గాదు. అయినంకనే. ప్రతి ఆదివారం గంతే.”

తెచ్చింది. ప్లగ్గు పెట్టకముందు అతను చేయి చాపి మిషన్ తీసుకుని, గార్డును అటూ ఇటూ కదిలించి చూశాడు. “దుకాణపోడు సక్కగ బిగియ్యలే” అని స్క్రూడ్రైవర్ అడిగి తనే ఇంకొంచెం బిగించాడు. అద్దాలు పెట్టుకోమని దానికి చెప్పి, నన్ను తన కుర్చీ వెనక్కి రమ్మన్నాడు. ఇన్నేళ్ళలో అతని చేతిలో పనిముట్టు చూడడం నాకు అదే మొదటిసారి.

బ్లెస్సీ స్విచ్ నొక్కింది. ఆ శబ్దానికి మామ చేయి చటుక్కున లేచి కన్ను కప్పుకుంది, పోయిన కన్ను కాదు, ఉన్నది. చక్రం చువ్వకు తగిలింది. కొంతసేపటికి అతను చేయి దించి, నిప్పురవ్వలు ఎటు పోతున్నాయో చూశాడు. అవి గోడ వైపు పోతున్నాయి.